రేడియో గడపకు పసుపు

చేతిలోకి మీటరు వచ్చిన ప్రతివాడూ తాను డాక్టరయిపోయాననుకుంటాడు. నేనూ అనుకున్నాను. మామూలు డాక్టరు కూడా కాదు, పెద్ద దవాఖాన డాక్టరు.

అరవైల నడుమ సంగతి. మాది మక్తల్‌కు దగ్గరి ఊరు, గొర్ల ఇల్లు. బాపు, తమ్ముళ్లు మంద వెంట తిరిగేవాళ్లు. నేను మాత్రం మక్తల్‌లో ఒక సైకిల్ షాపులో కుదిరాను. సైకిళ్లతోపాటు పెట్రోమాక్సు లైట్లు, పెళ్లిళ్లకు కిరాయికిచ్చే మైకు సెట్లు కూడా అక్కడే బాగు చేసేవాళ్లం. సామాను కోసం హైదరాబాదు వెళ్లినప్పుడు పాత సరుకులమ్మే బజారులో నాకొక మల్టీమీటరు దొరికింది. నల్లటి డబ్బా, అద్దం వెనక సన్నటి ముల్లు, ఎర్ర వైరు ఒకటి, నల్ల వైరు ఒకటి, వాటి చివర గుచ్చి చూసే పుల్లలు. అద్దం ఒక మూల పగిలి ఉంది. అయితేనేం, ముల్లు ఆడుతోంది. దాన్ని చంకలో పెట్టుకుని ఊళ్లో బస్సు దిగిన రోజు నా నడక చూసి మా అమ్మ ఆగలేకపోయింది.

"ఏందిరో, తాసిల్దారు లెక్క నడుస్తున్నవ్? జర కింద జూసి నడువు, గొర్ల పెంట తొక్కుతవ్."

మీటరు కొన్నది సరదాకు కాదు. రేడియో కట్టాలి. అదీ బతుకమ్మ పండుగ లోపల కట్టాలి. ఎందుకో చెప్పాలంటే మా అవ్వ సంగతి చెప్పాలి.

అవ్వ అంటే బాపును కన్నతల్లి. పాటల మనిషి. తెల్లారకముందే జొన్నలు విసురుతూ పాడేది. ఇసుర్రాయి ముందు ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుని తిప్పుతారు కదా, పాట కూడా అట్లాగే ఇద్దరిది. ఒకరు ఎత్తుకుంటారు, ఇంకొకరు అందుకుంటారు. మా ఇంట్లో ఎత్తుకునేది అవ్వ, అందుకునేది అమ్మ. అత్తాకోడళ్లకు మిగతా ఏ విషయంలోనూ పొత్తు కుదరకపోయినా ఆ రాయి దగ్గర మాత్రం గొంతులు కలిసేవి.

ఆ ఎండాకాలంలో హైదరాబాదు నుంచి రేడియోవాళ్లు జీపులో వచ్చారు, పల్లెపాటలు పట్టుకుపోవడానికి. ఊళ్లో ఎవరిని అడిగినా మా ఇల్లే చూపించారు. పెట్టెంత మిషను దింపి, మైకు తెచ్చి ఇసుర్రాయి పక్కన పెట్టారు. మైకు చూడగానే అమ్మ లేచి వంటింట్లోకి ఒకటే పరుగు. "నాకు సిగ్గయితాంది, సచ్చినా పాడ" అని లోపలినుంచే అరిచింది. అవ్వ ఒక్కతే కూర్చుని రాయి తిప్పుతూ పాడింది. అలవాటు ఊరుకోదు కదా, ఒక చరణం పాడి, అమ్మ అందుకోవాల్సిన చోట ఆగేది. అక్కడ ఉత్త రాయి చప్పుడే. మళ్లీ తన వంతు వచ్చాక ఎత్తుకునేది. రేడియో ఆయన మంచివాడు, "అట్లనే కానీ అవ్వా, ఏం ఫరవాలేదు" అన్నాడు. అయిపోయాక వినిపిస్తామన్నారు. తీరా చూస్తే ఎండకు వాళ్ల మిషను మొరాయించింది. హైదరాబాదు నుంచి రేడియోలోనే వినండి అని చెప్పి దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయారు.

అవ్వ ఆ పూట అన్నం సరిగా తినలేదు. ఏమైందని అడిగితే మెల్లగా చెప్పింది.

"మా అమ్మ గత్తరొచ్చి, వాంతులు బేదులయి పోయింది బిడ్డా. నేనప్పుడు ఇంకా చిన్నపిల్లనే. గీ పాటలన్ని ఆమెయే. ఆమె ఎత్తుకుంటే నేను ఎదురుంగ గూసోని అందుకునేదాన్ని. పాటలన్ని యాదికున్నయ్ గని గొంతు యాదికి లేదు. ఎంత తండ్లాడినా రాదు. మా మేనమామలేమో మీ అమ్మ గొంతే నీకొచ్చిందే అంటుండిరి. ఏమో, నా గొంతు బయటికెల్లి ఎట్లుంటదో నాకెట్ల ఎర్క? ఒక్కపారి ఇందామనుకుంటి. ఒక చెవు ఎప్పుడో పాయె. గీ రెండోది గూడ పోతాంది."

అదీ కథ. వానలు పడ్డాక బడిపంతులు కబురు తెచ్చాడు, పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం అవ్వ పాట వేస్తారట. నేను మీటరు ముందేసుకుని కూర్చున్నాను.

రేడియో కట్టుకునే కిట్టు పోస్టులో వచ్చింది. అట్టపెట్టెలో పురికొస, కాగితం ముక్కల మధ్య చిన్న చిన్న సామాన్లు. అందులో ఎక్కువ రెసిస్టెన్సులే. జొన్నగింజకంటే కొంచెం పెద్దవి, రెండు పక్కలా తీగ కాళ్లు, ఒంటి మీద రంగు చారలు. కరెంటును ఎంత గట్టిగా అడ్డుకుంటుందో ఆ చారలు చెప్తాయి. చెప్తాయి కాని నమ్మకూడదు, ఒక్కోదాన్నీ మీటరుతో చూసుకున్నాకే అతకాలి అని మా షాపు యజమాని మరీ మరీ చెప్పాడు. సంతలో గొర్రెను కొనేవాడు అమ్మేవాడి మాట విని ఊరుకుంటాడా? నోరు తెరిచి పండ్లు చూస్తాడు. ఇదీ అంతే.

ముందు రెండు పుల్లల మొనలు ఒకదానికొకటి ఆనించాలి. ముల్లు కుడి చివరకు పోయి సున్నా మీద నిలబడాలి. దారిలో ఏ అడ్డూ లేదని అర్థం. తర్వాత పుల్లల మధ్య రెసిస్టెన్సు పెడితే ముల్లు దాని బలాన్ని బట్టి నడుమ ఎక్కడో ఆగుతుంది. అసలు కదలకుండా ఎడమనే ఉండిపోయిందా, లోపల తెగిపోయినట్టు. ఇంతే విద్య. కాని నాలాంటి తొందరగాడికి ఇదీ మొదట చేతకాలేదు. రెసిస్టెన్సు కాళ్లను రెండు చేతుల వేళ్లతో పుల్లలకేసి నొక్కిపట్టుకుని చూశాను. గట్టిగా అడ్డుకోవాల్సిన పెద్దవన్నీ తక్కువ చూపించాయి. మోసం చేశారు, పాడు సరుకు అంటగట్టారు అని ఊరంతా వినిపించేలా తిట్టాను. చెమట పట్టిన నా వేళ్ల గుండానే కరెంటు పోతోందని తెలిసేసరికి తిట్లన్నీ అయిపోయాయి.

అవ్వ నా పక్కనే గొంగడి పరుచుకుని కూర్చుని ఇదంతా చూస్తుండేది. ముల్లు కదిలినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"ఏమంటాందిరా?"

"బాగున్న అంటాంది."

"అండ్ల రోగం ఎర్కయితదా? నన్ను గూడ జూడు మరి."

రెండు పుల్లలు ఆమె చేతికిచ్చాను. ముల్లు కదల్లేదు. ఏళ్ల తరబడి ఇసుర్రాయి పిడి పట్టుకున్న వేళ్లు, కాయలు కాచి కట్టెల్లా ఉన్నాయి. అవ్వ పకపకా నవ్వింది. "సచ్చినట్లేనా నేను? చెప్పవేంరా, మీ బాపుకు కబురంపుదామా?" చెంబులో నీళ్లు తీసి ఆమె వేళ్లు తడిపాను. మా బావి నీళ్లు ఉప్పుకషాయం, పప్పు కూడా ఉడకదు. ఆ తడి తగలగానే ముల్లు లేచి కుడికి వచ్చింది. "సూడు, నీళ్లు వోస్తె లేస్త నేను, గింత ఎండిపోయినా" అని ఆ పూటంతా చెప్పుకుని మురిసింది.

కట్టడం మొదలైంది. మా ఊరికి అప్పటికి కరెంటు రాలేదు. కుంపట్లో కడ్డీ కాల్చి సీసం అతికేవాణ్ణి. చెక్క పలక మీద స్పీకరు, తీగచుట్ట, వరసగా ఇత్తడి చెవులున్న సన్నటి అట్ట పట్టీ, ఆ చెవులకు రెసిస్టెన్సులు. వేపచెట్టు మీదినుంచి ఒక తీగ లోపలికి లాగాను. అవ్వ అన్నీ అడిగేది. ఒకరోజు, "ఇంతకు పాట ఏ దిక్కుకెల్లి వస్తదిరా?" అంది. నాకు తెలిసినంతలో, ఆమెకు తెలిసేలా చెప్పాను.

"అగో, చెట్టు మీది తీగ వట్టుకోని దిగి గీ చుట్టలకు వస్తది. ఆడికెల్లి గీ పట్టీ మీదికి. గిది దర్వాజ అనుకో. గిది దాటిందంటె ఇంట్లకు వచ్చినట్లే."

అవ్వ ఆ పట్టీని చాలాసేపు చూసింది. నేను బాగా చెప్పానని నాకు నేనే సంతోషపడ్డాను.

పండుగ ఇంకా దూరం ఉండగానే రేడియో పలికింది. ఈలలు, గురగురలు దాటుకుని హైదరాబాదు వచ్చింది. ఎవరో పెద్దమనిషి ఎరువుల గురించి మాట్లాడుతున్నాడు. అమ్మ చేతులు జోడించింది. అవ్వ చెవి దగ్గర పెట్టి విని, "ఏందిరా, ఎండాకాలమంత గిదే చెప్పి సంపిండు మన గ్రామసేవకు. ఈడికి గూడ వచ్చిండా?" అంది.

సద్దుల బతుకమ్మ రోజు పొద్దున కూడా చక్కగా పలికింది. అయినా కొత్త సెల్లులు వేస్తే మంచిదని మక్తల్ వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వాకిట్లో గునుగు, తంగేడు కాడలు పరిచి ఉన్నాయి. అమ్మ బతుకమ్మ పేర్చి, పసుపుముద్దతో గౌరమ్మను చేసి పైన పెట్టింది. ఇల్లంతా పులిహోర వాసన. రేడియో స్పీకరు మీద ఎర్రగా ఒక కుంకుమ బొట్టు. అమ్మ పని. నవ్వుకుని, కొత్త సెల్లులు వేసి మీట తిప్పాను.

గొంతులో తెమడ అడ్డం పడ్డట్టు ఒక గురక. అంతే. ఆ తర్వాత అదీ లేదు.

 వైర్లు కదిపాను. సెల్లులు తిప్పి పెట్టాను. పాతవి మళ్లీ వేశాను. ఊహూఁ. పంచాయతీ ఆఫీసులో ఒక రేడియో ఉంది కాని, దానికి తాళం వేసి సర్పంచి ఆలంపూర్ జోగులాంబ దగ్గరికి నవరాత్రులకు వెళ్లాడు. పొద్దు పడమటికి వాలుతోంది. ఈ ఒక్క సాయంత్రం దాటితే ఆ పాట మళ్లీ ఎప్పుడు వేస్తారో, అసలు వేస్తారో లేదో, అప్పటికి అవ్వకు వినబడుతుందో లేదో. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని నన్నే చూస్తోంది.  

మీటరు తీశాను. సెల్లులు ఊడదీసి, ఒక్కో రెసిస్టెన్సు మీద పుల్లలు ఆనించుకుంటూ పోయాను. ఈసారి వేళ్లు దూరంగానే పెట్టుకున్నాను లెండి. అన్నీ ఇంతకుముందు చూపినట్టే చూపాయి. పట్టీ మీద ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది ఒక్కటే, ఉండాల్సినదాంట్లో పావు వంతు కూడా లేదు. ముల్లు బాగా కుడికి పోయింది. దొరికావురా దొంగా అనుకుని, కడ్డీ కాల్చి దాని ఒక కాలు విడదీసి మళ్లీ చూశాను. లక్షణంగా ఉంది! దొంగ కాదు, దొర. మరి పట్టీ మీద ఉన్నప్పుడు ఎందుకు తక్కువ చూపింది? తిరిగి అతికాను. మళ్లీ తక్కువ. మళ్లీ కడ్డీ పెట్టాను.

అప్పుడు ముక్కుకు తగిలింది, పసుపు మాడిన వాసన. ఇందాక కూడా వచ్చింది కాని పులిహోర పోపు అనుకున్నాను. కాని వంట ఎప్పుడో అయిపోయింది. పలక ఎత్తి వెలుగులో పెట్టి చూశాను. ఆ అట్ట పట్టీదే పసుపు కలిసిన గోధుమరంగు, అందుకే కంటికి ఆనలేదు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా, ఇత్తడి చెవులన్నీ కలిసిపోయేలా తడి పసుపు పూసి ఉంది. అదీ మా బావి ఉప్పునీళ్లతో కలిపిన పసుపు. రెసిస్టెన్సు అడ్డుకుంటే ఏంలాభం, పక్కనుంచి పసుపు దారి ఇస్తోంది.

నాకు ముక్కుమీద కోపం. "ఎవలు ముట్టిండ్రు దీన్ని?" అని ఒక్క అరుపు అరిచాను. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "నేను గా బొట్టు ఒక్కటే పెట్టిన, ముంగట" అంది భయంగా. అవ్వ తల వంచుకుంది.

"నేనే బిడ్డా. గౌరమ్మను జేసినంక గిన్నెల జరంత పసుపు మిగిలె. మీ అమ్మ పూలకు వోయినప్పుడు పెట్టిన. నేను పెట్టొద్దని నాకెర్కనే. మీ తాత పోయినకాడికెల్లి నేను పండుగ పసుపు ముట్టలే. గని నువ్వే అంటివి గద, గది దర్వాజ అని. మా అమ్మ పాట ఇంట్లకు వచ్చే దినం, గడప బోసిగ ఎట్లుంచుత?"

 నిజమే, నేనే చెప్పాను దర్వాజ అని. వినేది మా అవ్వ. దర్వాజ అన్నాక పండుగనాడు గడప కడగదా, పసుపు పూయదా?

"ఖరాబయిందా?" అంది.

"ఏం గాలే అవ్వా. తుడిస్తె అయితది."

తుడవడం అనే మాటకు ఆమె ముఖం ఎట్లా వాడిపోయిందో ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. "పండుగనాడు పెట్టిన పసుపు తుడుస్తవా? నాకొక్కపారి తుడిసిండ్రు, సాలదా?" అంది. కళ్లలో నీళ్లు నిండాయి.  సర్ది చెప్పబోయాను.

"నేను చెప్పుడే తప్పయింది అవ్వా. నువ్వు పూసింది లోపలి అర్ర. గడప గిది, సూడు" అని పలక ముందంచును, స్పీకరు కింది కట్టెను చూపించాను. "గా పసుపు గిక్కడికి రావాలె. నువ్వే పెట్టు."

అవ్వ కదల్లేదు. కోడలి వైపు చూసింది. అమ్మ ఒక్క క్షణం నిలబడి లోపలికి వెళ్లింది. అయిపోయింది, అలిగింది అనుకున్నాను. పసుపు గిన్నెతో తిరిగి వచ్చి అవ్వ ముందు కూర్చుని, ఆమె చేయి పట్టుకుని వేళ్లు గిన్నెలో ముంచింది. "పెట్టు అత్తా. మీ అమ్మ వస్తాంది గద" అంది. ఆ ఇద్దరూ కీచులాడుకోగా చూస్తూ పెరిగినవాణ్ణి నేను. అవ్వ కట్టె అంచుకు పసుపు పూసింది, ఈ కొసనుంచి ఆ కొసకు, నిదానంగా, ఎక్కడా వదలకుండా.

అటు ఆమె పూస్తుంటే ఇటు నేను పెట్రోమాక్సు స్పిరిటుతో దూది తడిపి పట్టీ తుడిచాను. కుంపటి సెగకు ఎత్తిపట్టి ఆరబెట్టాను. పుల్లలు ఆనించాను. ముల్లు లేచి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది.

"ఏమంటాంది?" అంది అవ్వ.

"బాగున్న అంటాంది."

అప్పటికే వాకిట్లో వాడకట్టు ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని వచ్చారు. "ఏమొదినా, పొద్దు గూకుతాంది, వాగుకు రావా?" అని కేకలు. అమ్మ వాళ్లనే లోపలికి పిలిచింది. సెల్లులు పెట్టి మీట తిప్పాను. ఈల, గురగుర, ఎవరిదో నాదస్వరం చివర. తర్వాత ఒకామె మా జిల్లా పేరు చెప్పి, ఇసుర్రాయి పాట అంది. 

ముందు రాయి తిరిగే చప్పుడు వచ్చింది. మా రాయే, పిడి దగ్గర కిర్రుమనేది. ఆపైన గొంతు. అవ్వ తన మంచి చెవి స్పీకరుకు దాదాపు ఆనించింది. నేను ఎన్నోసార్లు విన్న గొంతే, కాని పెట్టెలోంచి వస్తుంటే కొంచెం సన్నగా, ఇంకా వయసులో ఉన్నదానిలా ఉంది.

"నీదే అత్తా, అచ్చం నీదే" అంది అమ్మ సంబరంగా.

అవ్వ తల అడ్డంగా ఊపింది. "నాది గాదు పిల్లా" అంది.  "మా అమ్మది."

చరణం అయిపోయింది. ఎండాకాలంలో అమ్మ సిగ్గుపడి పారిపోయినప్పుడు ఖాళీగా మిగిలిన చోటు వచ్చింది. ఉత్త రాయి చప్పుడు. అవ్వ చేయి తనంతట తానే ముందుకు వచ్చింది, ఎవరో అవతల పట్టుకున్న పిడిని ఇవతలినుంచి పట్టుకున్నట్టు. ఎప్పుడూ ఎత్తుకోవడమే తప్ప అందుకోవడం నేను ఎరగని మా అవ్వ, చిన్నపిల్ల గొంతుతో అందుకుంది.

పెట్టెలోని గొంతు మళ్లీ ఎత్తుకుంది. అవ్వ ఆగి, తన వంతు రాగానే మళ్లీ అందుకుంది. సెల్లుల మీద నమ్మకం లేక సవుండు తగ్గిద్దామని చేయి చాచినవాణ్ణి వెనక్కు తీసుకున్నాను. పాట అయిపోయేదాకా ఆడవాళ్లంతా బతుకమ్మలు పట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నారు.